ఇంటి దగ్గర వెల్డింగ్ చేస్తే ట్రాక్టర్ వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది ఆచంట దగ్గర పల్లెటూరు. 14 నెలల క్రితం 7.8 లక్షలు పెట్టి కొత్త ట్రాక్టర్ కొన్నాను. సొంత చేను దున్నుకుంటూ, పక్క చేలకి కిరాయికి కూడా నేనే తోలతాను. దాళ్వా (రెండో పంట) దమ్ములో రోటావేటర్ పైకి లేపకుండానే మలుపు తిప్పితే గట్టు తగిలి రోటావేటర్‌ని ట్రాక్టర్‌కి పట్టి ఉంచే కడ్డీల్లో కుడివైపు కింది లింకు వంగింది. పని ఆగకూడదని ఇంటి దగ్గరే గ్యాస్‌తో కాల్చి, సుత్తితో సరిచేసి, పగిలిన చోట వెల్డింగ్ పెట్టాను. రెండు వారాలకి టాప్ లింకు బిగించే బ్రాకెట్ విరిగింది. వెల్డింగ్ చేశారు కాబట్టి వారంటీ మొత్తం పోయిందని డీలర్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: వంగిన లింకు సంగతి మర్చిపోండి. గట్టుకి తగిలించింది మీరే, కాల్చింది మీరే. దాని ఖర్చు ఎవరూ ఇవ్వరు. వెల్డింగ్ మీద పెయింటు కొట్టి దాచాలని మాత్రం చూడకండి. మెకానిక్ ఒక్క చూపులో పట్టేస్తాడు, ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు.

బ్రాకెట్ కథ వేరు. దాన్ని మీరు ముట్టుకోలేదు. బయట రిపేరు చేయిస్తే వారంటీ వర్తించదనే షరతు చాలా కార్డుల్లో ఉంటుంది. రిపేరు చేసిన భాగానికే వర్తించదన్నారా, బండి మొత్తానికా అన్నది మీ కార్డులో చదవండి. మొత్తానికి అని రాసి ఉన్నా, మీ వెల్డింగ్ వల్లే బ్రాకెట్ విరిగిందా అన్న ప్రశ్న మీరు లేవనెత్తొచ్చు. దానికి కంపెనీ దగ్గర గట్టి వాదనే ఉంది: కాల్చి కొట్టిన లింకు కాస్త పొట్టిదైనా రోటావేటర్ ఒక పక్కకి గుంజుతుంది, ఆ భారం బ్రాకెట్ మీద పడింది అంటారు. బ్రాకెట్ పోతలోనే లోపం ఉందని మీరు చూపించాలి.

అందుకు సాక్ష్యం ఆ విరిగిన ముక్కే. విరిగిన చోట కొంత భాగం తుప్పు పట్టి నల్లగా, మిగతాది తెల్లగా మెరుస్తూ ఉంటే పగులు పాతదని అనుమానించొచ్చు. తేల్చాల్సింది ల్యాబ్. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ దాన్ని సీలు వేసి పరీక్షకి పంపగలదు, ఫీజు మీరు కట్టాలి. కాబట్టి దానికి గ్రైండర్ పెట్టకండి, వెల్డింగ్ చేయకండి, పాత ఇనుముకి అసలే వేయకండి. విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు, రైతు విత్తనాలన్నీ చల్లేస్తాడు, పరీక్షకి దాచి ఉంచమనడం కుదరదని రైతుల పక్షాన చెప్పింది. ఇనుప ముక్కకి ఆ వెసులుబాటు దొరకడం కష్టం. అది చేతిలోనే ఉంటుంది కదా.

కిరాయికి తోలుతున్నారు కాబట్టి మీరు వినియోగదారుడే కాదనే వాదన కూడా రావొచ్చు. మీ జీవనోపాధి కోసం మీరే నడుపుకుంటుంటే చట్టం మిమ్మల్ని వినియోగదారుడిగానే చూస్తుంది. నాలుగు బండ్లు, నలుగురు డ్రైవర్లు ఉన్న వాళ్ల సంగతి వేరు. ఒకవేళ అదే చట్టంలోని సెక్షన్ 87 చూపించి బెదిరిస్తే కంగారు పడకండి. వస్తువుని మార్చినా, తప్పుగా వాడినా అమ్మిన వాడి బాధ్యత ఉండదనే ఆ సెక్షన్, వస్తువు వల్ల మనుషులకో వేరే ఆస్తికో జరిగే హాని గురించి. వస్తువే పాడైతే అది లోపం కింద ఫిర్యాదు.

డీలర్ నోటితో కాదన్నది చాలదు. జాబ్ కార్డు (బండి రిపేరుకి తెచ్చినట్టు డీలర్ రాసిచ్చే కాగితం) రాయించుకుని, కాదన్న కారణం కాగితం మీదో వాట్సాప్‌లోనో తెప్పించుకోండి. ముందు వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. తేలకపోతే మీ ఊరు ఏ జిల్లా కమిషన్ పరిధిలో ఉందో అక్కడే కేసు వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. మీ బండి ధరకి ఫీజు 200 రూపాయలు. గడువు రెండేళ్లు.

ఇంకొక్క మాట, మీరు అడక్కపోయినా. అదే చేత్తో ట్రైలర్ హుక్కుకి కూడా వెల్డింగ్ పెట్టి ఉంటే వెంటనే కొత్తది వేయించండి. ధాన్యం బస్తాలతో కాలవగట్టు మీద వెళ్తున్నప్పుడు ట్రైలర్ ఊడి మనిషి పోతే అది వారంటీ గొడవ కాదు, నిర్లక్ష్యం అని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా జైలు. ఇన్సూరెన్స్ పాలసీలో ట్రైలర్ ఉందో లేదో కూడా ఈ రాత్రే తీసి చూడండి.