ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు.. చెయ్యి మీద ఎత్తు మాత్రం పోలేదు!

ప్రశ్న: నా వయసు 29. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. 12 రోజుల కిందట వానలో బైక్ స్కిడ్ అయింది. హ్యాండిల్ పట్టుకున్న పిడికిలి అలాగే నేలకు గుద్దుకుంది. దగ్గర్లోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి బెణుకేనన్నారు, క్రేప్ బ్యాండేజ్ చుట్టారు. వాపు తగ్గినా చిటికెన వేలి వైపు చేతి వెనక ఎత్తుగా ఉంది. బ్రేక్ గట్టిగా పట్టలేకపోతున్నాను. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఏ కట్టుకైనా ముందు ఇంకోసారి ఎక్స్‌రే తీయించుకోండి. ఈ రెండు రోజుల్లోనే.

ఎముక విరగకపోయినా కీలు తప్పి ఉండొచ్చు. మీరు చెప్పిన గుర్తులను బట్టి, చిటికెన వేలి, ఉంగరం వేలి అరచేతి ఎముకలు మణికట్టుతో కలిసేచోట కీలు వెనక్కి జారిందేమోనని నా అనుమానం. దీన్ని కార్పోమెటాకార్పల్ డిస్‌లొకేషన్ అంటాం. చేతి గాయాల్లో ఇది ఒక శాతం కూడా ఉండదు. పైగా మొదటి రోజు వాపు ఆ ఎత్తును కప్పేస్తుంది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఎముకలు ఒకదాని మీద ఒకటి పడి, అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపించొచ్చు. వెనక్కి జారిన ఎముక పక్క నుంచి చూస్తేనే బయటపడుతుంది. అందుకే కచ్చితంగా పక్క నుంచి తీసే ‘ట్రూ లేటరల్’ వ్యూ, చేతిని కొంచెం లోపలికి తిప్పి తీసే ఆబ్లిక్ వ్యూ అడగండి. అప్పటికీ సందేహముంటే సీటీ స్కాన్ చేస్తారు. కీలు దగ్గర ఊడిన చిన్న ఎముక ముక్కలు కూడా అందులో తెలుస్తాయి.

పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు ఎంత నమ్మకమో నాకు తెలుసు. మాదీ చిత్తూరు వైపే. కానీ ఈ కీలు కట్టుకు ఆగదండీ. చిటికెన వేలి అరచేతి ఎముక మొదలుకు, ముంజేతి నుంచి వచ్చే బలమైన టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) ఒకటి అతుక్కుని ఉంటుంది. ఎముకను సర్ది వదిలేస్తే అది మళ్లీ లాగేస్తుంది. అందుకే మత్తిచ్చి, సర్ది, కె-వైర్లనే సన్నటి తీగలు గుచ్చి నిలబెడతాం. సాధారణంగా 4 నుంచి 6 వారాలకు తీసేసి ఫిజియోథెరపీ మొదలుపెడతాం. ఆలస్యమయ్యేకొద్దీ కోసి సర్దాల్సి రావచ్చు. కీలు అరిగిపోతే అక్కడ ఎముకలనే కలిపేయాల్సి రావచ్చు. నాలుగు వేళ్ల అరచేతి ఎముకలు మణికట్టుతో కలిసే కీళ్లలో, పిడికిలి బిగించేటప్పుడు బాగా కదిలేవి ఈ రెండే కాబట్టి పట్టు పోతుందనే నా బెంగ.

ఆ పక్కనే అల్నార్ నరం వెళ్తుంది. వేళ్లు ఎడంగా చాచలేకపోయినా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకున్న కాగితం జారిపోతున్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి. వేళ్లు తెల్లబడినా, తిమ్మిరెక్కినా మాత్రం అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి.

బైక్ ఆపేయండి. ఆ చేతికి ఉంగరం ఉంటే తీసేయండి. మర్దన వద్దు. హ్యాండ్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి పాత ఎక్స్‌రే కూడా పట్టుకెళ్లి, అందులో పక్క నుంచి తీసిన వ్యూ ఉందో లేదో ముందు అదే అడగండి.