టీపాయ్ మోకాళ్లకు తగులుతోందా? ఇలా కొలవండి

విజయవాడ పటమటలోని మీ 10×12 అడుగుల హాల్లో టీపాయ్ మోకాళ్లకు తగులుతోందని, నడవడానికి దారి చాలడం లేదని అడిగారు. హాలు చిన్నదై కాదు, టీపాయ్ వెడల్పు 30 అంగుళాలు ఉండటం వల్లే దారి ఇరుకవుతోంది. మార్చుకోవడమే మేలు.

1. 6 అడుగుల సోఫాకు 4 అడుగుల పొడవు చాలు. వెడల్పు 20 అంగుళాలు దాటనివ్వకండి.

2. ఎత్తు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఖాళీ సోఫాను కొలవకండి. ఒకరిని కూర్చోబెట్టి, కుషన్ అణిగాక నేల నుంచి సీటు ఎత్తు చూడండి. టీపాయ్ దానికి సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉండాలి.

3. కొనేముందు అదే సైజులో పాత పేపర్లు నేల మీద అతికించండి, సోఫాకు 16 అంగుళాల దూరంలో. 20 లీటర్ల వాటర్ టిన్ పట్టుకుని పక్కనుంచి వంటగదికి నడిచి చూడండి. కాలు పేపర్ మీద పడితే ఇంకా చిన్నది తీసుకోండి.

4. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో ఎండీఎఫ్ (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే బోర్డు) కాళ్లు వద్దు, ఉబ్బిపోతాయి. టేకు లేదా ఇనుప కాళ్లవి అడగండి.