మీ అమ్మగారి పేరుతో వెతికితే దొరకదు

“మా అమ్మ 1962లో కృష్ణా జిల్లా పల్లెటూళ్లో, ఇంట్లోనే పుట్టింది. గ్రీన్ కార్డుకి బర్త్ సర్టిఫికెట్ కావాలంటున్నారు. ఎక్కడ వెతకాలి, ఎవర్ని అడగాలి?” అని అడిగారు. మీసేవకి వెళ్లమని ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ముందు ఒకటి అడుగుతాను: ఇంతకీ మీ అమ్మగారు పుట్టింది ఏ ఊళ్లో? మీ తాతగారి ఊరు పేరు చెప్పబోతున్నారేమో, ఆగండి. ఆ రోజుల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే. అంటే మీ అమ్మగారికి అమ్మమ్మగారి ఊరు. నేను సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను.

మా అబ్బాయి అమెరికా పౌరుడయ్యాక నాకు గ్రీన్ కార్డుకి అప్లై చేశాడు. “అమ్మా, నీ బర్త్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపు” అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టాడు, అదేదో బీరువాలో చీరల కింద ఉన్నట్టు.

నేను ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మగా చేశాను. పదో తరగతి సర్టిఫికెట్, సర్వీస్ రిజిస్టర్, పాస్‌పోర్ట్, అన్నిట్లోనూ నా పుట్టిన తేదీ 1-7-1963. అది మా మేష్టారు దయచేసిన తేదీ. బళ్లో చేర్చుకోవాలంటే అయిదేళ్లు నిండాలి, నిండలేదు, అందుకని ఆయనే నిండించారు. ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు లెండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ జూన్ ఒకటి, జులై ఒకటి అని ఎంతమందికి రాసి పారేశానో. “మినుము తీసేటప్పుడు పుట్టాడండీ” అని తల్లి చెబితే ఏ తేదీ వెయ్యమంటారు?

సరే, 2024 మే నెల. ఎన్నికల పోలింగ్ అయిపోయింది, కౌంటింగ్ ఇంకా కాలేదు. వేసవి సెలవులు కదా అని మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మా నాన్నగారి ఊరికి సంబంధించిన మండలాఫీసుకి వెళ్లాను. నా పేరు, 1963 అని చెప్పాను. రెండు రోజులు తిప్పి లేదన్నారు. నిజంగానే లేదు, వాళ్ల తప్పేం లేదు.

ఇంటికొచ్చి మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై దాటాయి. “పిచ్చి మొహమా, నువ్వు పుట్టింది మా ఊళ్లో కదే! సంక్రాంతికి పుట్టింటికొచ్చిన మీ అమ్మ ఇక వెనక్కి వెళ్లలేదు. నెల తిరక్కుండానే నువ్వు పుట్టావు. మీ మేనమామ పెళ్లయిన ఏడాదే” అంది. మా మేనమామ శుభలేఖ ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. 1964.

అమ్మమ్మగారి ఊరు గుడివాడ దరిదాపుల్లో. అక్కడి మండలాఫీసులో గుమాస్తా కుర్రాడు తల ఎత్తకుండానే చెప్పేశాడు: “అప్పటి రికార్డులు 1977 ఉప్పెనలో పోయాయి మేడమ్.”

నాకు ఒళ్లు మండింది. దివిసీమ ఉప్పెన నాటికి నాకు పదమూడేళ్లు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఎక్కడ ఆగాయో మా వాళ్లు రోజూ చెప్పుకునేవారు. “మా ఊళ్లోకి ఒక్క బిందెడు ఉప్పునీళ్లు కూడా రాలేదు నాయనా. వస్తే మా అమ్మమ్మ పాతిక జాడీల ఆవకాయ ఎలా మిగిలింది?” అన్నాను. ఆ గదిలో ఒక్క అటెండరు నవ్వాడు. ఆయనే మా పాలిట దేవుడయ్యాడు.

ఆ రికార్డులు అక్కడికి ఎలా చేరాయో చెబితే మీరు ఎక్కడ అడగాలో మీకే తెలుస్తుంది. అప్పట్లో జనన మరణాల రిజిస్టరు రాసేది గ్రామ మునసబు. ఆంధ్ర ప్రాంతంలో 1899 నాటి మద్రాసు చట్టం ప్రకారం రాసేవారు, ఇప్పుడున్న దేశవ్యాప్త చట్టం 1969లో వచ్చింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులు తీసేసింది. మరుసటి ఏడాదే తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. మునసబుల ఇళ్లల్లో ఉన్నవి, తాలూకా కచేరీల్లో ఉన్నవి మూటలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాయి. కాబట్టి పంచాయతీ కార్యదర్శి దగ్గర లేవంటే అసలు లేవని కాదు. మండలాఫీసు రికార్డు గదిలో అడగండి. అక్కడా లేకపోతే 1962లో ఆ ఊరు ఏ తాలూకాలో ఉండేదో కనుక్కుని, ఆ పాత తాలూకా కేంద్రంలో అడగండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇంకా గందరగోళం. ఊరు అక్కడే ఉంటుంది, జిల్లా మాత్రం మారిపోతూ ఉంటుంది.

అటెండరు నెత్తికి తువ్వాలు చుట్టుకుని లోపలికెళ్లి మూడు మూటలు మోసుకొచ్చాడు. మల్లుగుడ్డ, మాసి మట్టిరంగుకి తిరిగింది. ముడి విప్పగానే ఎలుక పెంటికలు జలజలా రాలాయి. మొదటి రిజిస్టరు అంచులు చెదలు తినేసింది గానీ మధ్యలో రాత నిక్షేపంగా ఉంది. గుమాస్తా ఒక పేజీ చూసి, ఇంకోటి చూసి, తలెత్తి నావంక చూశాడు. అప్పుడర్థమైంది నాకు. అంతా గొలుసుకట్టు రాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా, పొట్లకాయ పాదులా అల్లుకుపోయిన రాత. ఆ కుర్రాడికి చదవడం రాదు. రాదని చెప్పుకోలేక ఉప్పెన మీదికి నెట్టేశాడు పాపం!

మా తాతయ్య ఉత్తరాలు అదే రాతలో ఉండేవి, నాకు చదవడం వచ్చు. ఆ బల్ల మీదే కూర్చుని 1964 జనవరి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. ఫిబ్రవరిలో దొరికింది. తొమ్మిదో తారీకు. మా నాన్న పేరు, ఇంటిపేరుతో సహా. కబురు చెప్పినవాడు తలారి. నా పేరు ఉండాల్సిన చోట “ఆడ శిశువు”, అంతే.

మీ అమ్మగారి పేరుతో వెతికితే దొరకదు అన్నది అందుకే. తండ్రి పేరుతో వెతకాలి, అదీ ఇంట్లో పిలిచే పేరు కాదు, అసలు పేరు.

“మేడమ్, మీ పేరు లేదు కదా, మీదేనని ఎలా ఇస్తాం?” అన్నాడు గుమాస్తా. పుట్టిన రోజుకి నాకు పేరెక్కడిది నాయనా, బారసాల ఇరవై ఒకటో రోజున కదా అన్నాను. రిజిస్టర్లో వెతికించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టుగా నకలు తీసుకునే హక్కు 1969 చట్టం 17వ సెక్షన్ ఎవరికైనా ఇస్తుంది. పేరు చేర్చమంటేనే తంటా, దానికి పదిహేనేళ్ల గడువుంది, నాకు అరవై. నేను చేర్చమనలేదు, ఉన్నది రాసిమ్మన్నాను. కౌంటింగ్ అయ్యాక రమ్మని, జూన్‌లో ఇచ్చారు.

ఈ మధ్యలో ఒక బ్రోకరు తగిలాడు. పదిహేను వేలిస్తే “మీ పాస్‌పోర్ట్ తేదీతోనే” సర్టిఫికెట్ తెస్తానన్నాడు. మా అబ్బాయి కూడా “ఇచ్చెయ్యమ్మా, టెన్షన్ వదిలిపోతుంది” అన్నాడు. అక్కడ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర అర్ధరాత్రి కూడా ఆగే పిల్లాడు, ఇక్కడి పనికొచ్చేసరికి దొంగ కాగితం కొనమంటాడు. వద్దన్నాను. ఇమిగ్రేషన్ వాళ్ల చేతిలో దొంగ కాగితం పెడితే జీవితాంతం అడుగు పెట్టనివ్వరు.

ఇప్పుడు నా చేతిలో రెండు పుట్టిన తేదీలు. నకలు, పదో తరగతి సర్టిఫికెట్, వాటితో పాటు పెద్దమ్మ చేతా, ఊళ్లో ఇంకో పెద్దాయన చేతా నోటరీ అఫిడవిట్లు రాయించాను: ఫలానావారి మొదటి కూతురు ఈమే, బళ్లో తేదీ మేష్టారు వేసింది, అని. పెద్దమ్మ సంతకం చెయ్యలేక వేలిముద్ర వేసింది. ముంబై కాన్సులేట్ ఇంటర్వ్యూలో ఆఫీసరు రెండు తేదీలూ చూసి ఎందుకని ఒక్క మాట అడిగాడు. చెప్పాను. నవ్వి ముందుకెళ్లాడు. అసలు నష్టం వేరే ఉంది. ఆ జులై ఒకటి పుణ్యమా అని 2025 జూన్ ముప్ఫైన రిటైరయ్యాను. తలారి చెప్పిన తేదీ అయితే ఇంకో ఎనిమిది నెలల జీతం వచ్చేది.

మీకు అసలు దొరక్కపోతే కంగారు పడకండి. “రికార్డులో లేదు” అని తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోండి. 1970 ఏప్రిల్‌కి ముందు పుట్టినవాళ్లకి అమెరికా వాళ్లు దాంతో పాటు స్కూలు సర్టిఫికెట్, అఫిడవిట్లు ఒప్పుకుంటారు. ఇక్కడ కూడా సర్టిఫికెట్ కావాలనుకుంటే అదే కాగితం జతచేసి మీసేవలో ఆలస్య నమోదుకి పెట్టండి, ఆర్డీవో ఉత్తర్వు మీద పంచాయతీలో నమోదు చేస్తారు. కానీ వెతక్కుండా లేదని రాసిచ్చే వాళ్లే ఎక్కువ. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒక దాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. వాళ్లు ముద్ర వెయ్యకపోతే సమాచార హక్కు కింద అడగండి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

వెళ్లే ముందు మీ అమ్మమ్మగారి తరఫు పెద్దవాళ్లెవరైనా ఉంటే ఫోన్ చెయ్యండి. తేదీ అడక్కండి, వాళ్లకి గుర్తుండదు. ఆ ఏడాది ఇంట్లో ఎవరి పెళ్లయింది, ఏ పండక్కి ముందు, చేలో ఏ పైరుంది అని అడగండి. రాత చదవలేకపోతే మూట విప్పే ముందే ఊళ్లో పాత కరణంగారి ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని వెంటబెట్టుకెళ్లండి. మాస్కు కూడా పెట్టుకోండి, నాకు వారం రోజులు తుమ్ములు ఆగలేదు.