నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏ కారు, ఎంత అప్పు?

ప్రశ్న: మాది నల్లగొండ, సొంతూరు తిప్పర్తి దగ్గర. నాకు 37 ఏళ్లు, మెడికల్ ఏజెన్సీలో పని. నా భార్య నకిరేకల్‌లో ప్రైవేట్ స్కూల్ టీచర్, రోజూ బస్సులో పోయొస్తుంది. ఇద్దరికీ కలిపి నెలకు 62,000 వస్తాయి. ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. నాయినకు మోకాళ్లు బాగాలేవు, హైదరాబాద్‌లో చూపిస్తున్నాం, నెలకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు కిరాయి కారు మాట్లాడుకుంటే ట్రిప్పుకు 3,500 అవుతోంది. బ్యాంకులో 2.8 లక్షలున్నాయి. 2 లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నా, ఇంకా ఏడు నెలలుంది. ఇవన్నీ పోగా 12,000 మిగులుతాయి. మంచి మైలేజీ ఇచ్చే చిన్న కారు 6 లక్షల్లో చూస్తుంటే షోరూంలో 7.5 లక్షల కారు చూపించి, 6.5 లక్షలు లోన్ ఇప్పిస్తాం, ఏడేళ్లు కట్టుకోండి అంటున్నారు. బావమరిది సీఎన్‌జీ అంటాడు, దోస్తు సెకండ్ హ్యాండ్ డీజిల్ అంటాడు. చీటీ ఇప్పుడే పాడి ఎత్తుకోమంటారా?

జవాబు: చీటీ ఇప్పుడు పాడకండి. ఏడేళ్ల లోన్‌కి సంతకం పెట్టకండి. ఏడు నెలలు ఆగి, చిన్న కారు, చిన్న అప్పుతో కొనండి. కారే వద్దని మాత్రం అనను, మోకాళ్లు వంగని పెద్దాయనను బస్సు మెట్లు ఎక్కించి, దిల్‌సుఖ్‌నగర్‌లో దింపి, మళ్లీ ఆటో ఎక్కించడం ఎంత కష్టమో మా ఇంట్లోనూ చూశాను.

మీరు అన్ని అంకెలూ రాశారు గానీ అసలుది వదిలేశారు, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో రాయలేదు. నేనే వేసి చూశాను. హైదరాబాద్ పోయిరావడం, అక్కడ ఆస్పత్రి చుట్టూ తిరగడం కలిపి ట్రిప్పుకు 220, నెలకు సగటున ఒకటిన్నర ట్రిప్పు అంటే 330. ఆదివారాలు ఊరికి, పిల్లలతో బయటికి, ఎప్పుడైనా యాదగిరిగుట్టకు, మొత్తం మీద నెలకు 600 దాటదు. మీ భార్య స్కూలుకు రోజూ కారు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఈ లెక్క మొత్తం మారిపోతుంది, అది ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

ఇప్పుడు మైలేజీ సంగతి. షోరూం బోర్డు మీద సెలేరియో ఆటోమేటిక్‌కి 26.68 అని, ఆల్టో కె10 మాన్యువల్‌కి 24.39 అని కనిపించే అంకెలు ల్యాబ్‌లో రోలర్ల మీద బండిని నడిపి తీసినవి. మే నెల ఎండలో ఏసీ వేసుకుని క్లాక్ టవర్ సెంటర్ దాటి, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి వంద మీద పోతే ఆ అంకె రాదు. నాలుగో వంతు తీసేసి చూసుకోండి. సరే, ఒక కారు మీ చేతిలో 18 ఇస్తుంది, ఇంకొకటి 22 ఇస్తుంది అనుకుందాం, పెట్రోలు లీటరు 108 వేసుకుందాం. 600 కిలోమీటర్లకు మొదటిదానికి 3,600, రెండోదానికి 2,945. తేడా నెలకు 655 రూపాయలు, ఏడాదికి ఎనిమిది వేలు కూడా లేదు, ఐదేళ్లకు 40,000 లోపే. అంటే మైలేజీ కోసమని లక్ష ఎక్కువ పెట్టి కొన్నా, ఆ లక్షకు వడ్డీ కట్టినా, ఆ డబ్బు మీకు తిరిగి రాదు.

సీఎన్‌జీకీ ఇదే లెక్క. అదే కారు సీఎన్‌జీలో సుమారు 90,000 ఎక్కువ పడుతుంది. పెట్రోలు మీద కిలోమీటరుకు 5 రూపాయల 40 పైసలైతే (లీటరుకు 20 వస్తే), గ్యాస్ కిలో 95 అనుకుని, కిలోకు 26 వస్తే 3 రూపాయల 65 పైసలు. కిలోమీటరుకు 1.75 మిగిలితే నెలకు 1,050. ఆ 90,000 తిరిగి రావడానికి ఏడేళ్లు. మీ బావమరిది నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే మనిషైతే ఆయనకు మూడేళ్లలోపే వస్తుంది, కాబట్టి ఆయన చెప్పేది ఆయన మట్టుకు నిజమే. పైగా చాలా బండ్లలో డిక్కీ సిలిండర్‌కే పోతుంది, నాయిన వాకర్, ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తా ఎక్కడ పెడతారు? సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) కూడా చేయించాలి.

ఎలక్ట్రిక్ కారుకి తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు లైఫ్ టాక్స్ లేదు, అది మంచి తగ్గింపే. కానీ కిరాయి ఇంట్లో చార్జింగ్ పాయింట్‌కి ఓనరు ఒప్పుకోవాలి, కారు ధరా మీ బడ్జెట్ దాటుతుంది. మీకిప్పుడు వద్దు.

లోన్ దగ్గర కాసేపు ఆగాలి, మీ పైసలు పోయేది ఇక్కడే. 6.5 లక్షలు, 9 శాతం, ఏడేళ్లు అంటే ఈఎంఐ 10,458. మొత్తం కట్టేది 8.78 లక్షలు, వడ్డీయే 2.28 లక్షలు. "నెలకు పదివేలే కదా సార్" అన్నప్పుడు ఈ 2.28 లక్షల మాట ఎవరూ ఎత్తరు. ఇంకొకటి, "ఐదున్నర శాతం ఫ్లాట్" అని ఎవరైనా చెబితే తక్కువ వడ్డీ అనుకోకండి. ఐదేళ్లకు 5.5 శాతం ఫ్లాట్ అంటే బ్యాంకు లెక్కలో దాదాపు 10 శాతం. తీర్చేసిన అసలు మీద కూడా మీరు వడ్డీ కడుతూనే ఉంటారు. "రెడ్యూసింగ్ మీద, అంటే మిగిలిన అసలు మీదే లెక్కిస్తే, ఎంత?" అని ఒక్క మాట అడగండి చాలు.

ఈఎంఐ ఒక్కటే ఖర్చు కాదు. పెట్రోలు 3,240, ఇన్సూరెన్స్ ఏడాదికి 18,000 అనుకుంటే నెలకు 1,500, సర్వీసు 650, టోల్, టైర్లు, కడిగించడం కలిపి ఒక 600. నెలకు 6,000. కారు గేటు ముందు నిలబడి ఉన్నా ఇందులో సగం దాకా పోతుంది. మీకు మిగిలేది 12,000, కిరాయి కారు మానేస్తే ఇంకో 5,000. అందులోంచి 6,000, 10,458 తీసేస్తే చేతిలో ఐదారు వందలు. ఒక పిల్లాడికి జ్వరమొస్తే క్రెడిట్ కార్డు తీయాల్సిందే.

అదే ఏడు నెలలు ఆగితే చూడండి. చీటీ చివరిదాకా ఉంటే కమిషన్ పోను లక్షా తొంభై వేల దాకా వస్తుంది, ఇప్పుడు పాట పాడితే ఏ 30,000కో వదులుకోవాలి. బ్యాంకులోని 2.8 లక్షల్లో 1.5 లక్షలు ముట్టుకోవద్దు, ఆస్పత్రి ఉన్న ఇంటికి అది తప్పదు. మిగతా 1.3, చీటీ 1.9, ఈ ఏడు నెలలూ నెలకు 10,000 పక్కన పెడితే ఇంకో 70,000. మొత్తం 3.9 లక్షలు. 6 లక్షల కారుకు అప్పు 2.1 లక్షలే. మూడేళ్లకు ఈఎంఐ 6,678, మొత్తం వడ్డీ 30,000 చిల్లర. అప్పటికి చీటీ కట్టే 10,000 కూడా ఉండదు కాబట్టి నెలకు 14,000 పైనే చేతిలో మిగులుతుంది. ఈలోపు కిరాయి కార్లకు 35,000 పోతుందని బాధపడకండి, అదే ఏడు నెలలు సొంత కారు ఉంటే ఈఎంఐ కాకుండానే 42,000 అయ్యేది.

ఇక ఏ కారు? 6 లక్షలు అంటే ఆన్ రోడ్, టాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి అని గుర్తుంచుకోండి, అవి కలపక ముందు ఉండే ఎక్స్ షోరూం ధర 5 లక్షల చుట్టూ ఉండాలి. ఇక్కడ ఒక గీత ఉంది: మన దగ్గర లైఫ్ టాక్స్ 5 లక్షల వరకు 13 శాతం, ఆపైన 10 లక్షల దాకా 14 శాతం. 4.95 లక్షల కారుకు 64,350 కడితే 5.10 లక్షల దానికి 71,400. అలాయ్ వీల్స్ కోసం వేరియంట్ మార్చే ముందు ఇది చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి అంతకు ముందు కొన్నవాళ్లు చెప్పే ధరలు పట్టించుకోకండి.

ఈ ధరలో మీరు చూడాల్సినవి వ్యాగన్ఆర్, సెలేరియో, టియాగో. నాయినను తీసుకెళ్లి మూడింట్లోనూ ఎక్కించి దింపండి, ఈ పరీక్ష ఏ రివ్యూలోనూ దొరకదు. వ్యాగన్ఆర్ సీటు ఎత్తుగా ఉంటుంది, మోకాళ్లు మడవకుండా అటు తిరిగి కూర్చోవచ్చు. కానీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్దించి చూసే పరీక్షలో దానికి ఐదుకి ఒక్క స్టారే వచ్చింది, ఆ తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. టియాగోకి 2020లో నాలుగు స్టార్లు, మైలేజీ మిగతా రెండింటికంటే తక్కువ. విజయవాడ హైవే మీద లారీల మధ్య నెలనెలా పిల్లలతో పోయే ఇల్లు మీది. ఆ 655 రూపాయల తేడా కోసం నేనైతే గట్టి బండిని వదులుకోను. నాయిన అందులో సులువుగా ఎక్కగలిగితే టియాగోనే తీసుకోండి, ఎక్కలేకపోతే వ్యాగన్ఆర్.

సెకండ్ హ్యాండ్ డీజిల్ మాత్రం వద్దు. మారుతి 2020 ఏప్రిల్‌లోనే డీజిల్ ఆపేసింది, మీకు దొరికేవి బాగా తిరిగిన బండ్లే, ఇంజెక్టర్ల పని పడితే ఒక్కసారికే మీ ఏడాది ఆదా పోతుంది. సెకండ్ హ్యాండ్ పెట్రోలు బండి, ఒకే ఓనరుది, సర్వీసు రికార్డు ఉన్నది అయితే తప్పులేదు, 2023 ఏప్రిల్ తర్వాత తయారైనదైతే ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో ఇబ్బంది ఉండదు. కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఉందేమో చూడండి. నేను 2019లో మా తమ్ముడికి ఒక కారు ఇప్పించి ఈ ఒక్కటి చూడలేదు. అమ్మినాయన లోన్ కట్టేశాడు గానీ అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ తెచ్చుకోలేదు, ఊరు మారిపోయాడు. ఆర్‌సీ మా తమ్ముడి పేరు మీదికి రావడానికి నాలుగు నెలలు తిరిగాం, పైగా పాత చలాన్లు 6,000 మేమే కట్టాం. పైసలు ఇచ్చే ముందు, ఆయన ఎదురుగానే, బండి నంబరు కొట్టి చలాన్లు, హైపోథికేషన్ (బండి మీద అప్పు) రెండూ చూడండి.

కొత్తదైతే కొటేషన్ కాగితం ఇంటికి తెచ్చుకుని లైను లైనుగా చదవండి. మొన్న ఒకరి కొటేషన్‌లో "హ్యాండ్లింగ్ చార్జీలు 5,500", దాని కింద "ఎసెన్షియల్ కిట్ 9,800", ఆ కింద టెఫ్లాన్ కోటింగ్. కిట్ అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, ఒక సీటు కవర్ల సెట్టు. మూడూ కొట్టేయించుకున్నాడు, 20,000 దాకా మిగిలింది. ఇన్సూరెన్స్ కూడా షోరూంలోనే తీసుకోవాలన్న రూలు లేదు. మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) తప్పనిసరి, మిగతాది బయట రెండు చోట్ల అడిగి ఆ ధర షోరూంలో చూపిస్తే చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. కొత్త బండికి జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టకుండా) మాత్రం పెట్టించుకోండి. బండి తయారైన నెల, సంవత్సరం కూడా అడగండి, పోయినేడాది బండికి తగ్గింపు ఇవ్వాలి.

టోల్ గేట్లకు ఫాస్టాగ్ ఏడాది పాస్ ఉంది, 2025లో 3,000 ఉండేది, 200 సార్లు దాటొచ్చు. మీవి ఏడాదికి 18 ట్రిప్పులే, ముందు మూణ్ణెల్లు పంతంగి టోల్‌కి ఎంత పోతుందో చూసి అప్పుడు ఆలోచించండి.

ఈ నెల నుంచే ఆ 10,000 వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి, చీటీ చేతికి వచ్చే ముందు నెలలో రెండు షోరూంల కొటేషన్లు తీసుకుని నాకు పంపండి, ఏ లైను కొట్టేయించాలో చూసి చెప్తాను.