డైమండ్ వీల్ పాడుచేశాడని కుర్రాణ్ణి ఐటీఐ మాన్పించకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువులు కౌలుకి చేస్తాను. మావాడు ఐటీఐలో మెషినిస్టు మొదటి ఏడాది పూర్తిచేశాడు. సెలవుల్లో భీమవరంలో తెలిసినవాళ్ళ లేత్ షాపుకి పంపితే, టూల్స్ సాన పట్టడానికి వేలు పోసి కొన్న, వజ్రపు గింజలు పొదిగిన డైమండ్ వీల్‌ని వారం తిరక్కుండా పాడుచేశాడని ఓనరు గారు కేకలేశారు. ‘ఇనుము పట్టావు’ అని ఆయన, ‘కార్బైడే పట్టాను’ అని వీడు. అప్పట్నించీ షాపుకి వెళ్ళడం లేదు, సరిగ్గా అన్నం తినడం లేదు. ఐటీఐ మాన్పించి ఇంటర్లో చేర్పిద్దామంటోంది వాళ్ళమ్మ. ఈ గ్రైండింగ్ పనిలో అసలు భవిష్యత్తు ఉందంటారా?

జవాబు: అయ్యా, నాకు తోచినంతలో ఓనరు గారు చెప్పిందీ నిజమే, మీ అబ్బాయి చెప్పిందీ నిజమే.

లేత్ టూల్‌కి కొసన గోరంత కార్బైడ్ (లోహాల్ని కోసే చాలా గట్టి పదార్థం) టిప్పు ఇత్తడితో అతికించి ఉంటుంది. దాని కిందదంతా స్టీలు కాడ. కార్బైడ్‌కి డైమండ్ వీల్ వాడాలని మీవాడికి ఎవరో చెప్పే ఉంటారు, అది సరైన మాటే. కానీ టూల్ మొహం మొత్తాన్ని చక్రానికి ఆనిస్తే టిప్పుతోపాటు కింది స్టీలు కూడా అరుగుతుంది. తప్పంతా అక్కడే జరుగుతుంది. వజ్రమంటే ఉత్త కార్బనే. వేడెక్కిన ఇనుము కార్బన్‌ని ఇట్టే లాగేసుకుంటుంది, అందుకే రాపిడి వేడిలో వజ్రపు గింజల అంచులు తరిగిపోతాయి. పైగా మెత్తటి స్టీలు పొట్టు గింజల మధ్య సందుల్లో అతుక్కుపోతుంది. చక్రం నున్నగా మెరుస్తుంది కానీ కొయ్యదు. కొయ్యడం లేదని కుర్రాడు ఇంకాస్త నొక్కుతాడు, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. తెలిసినవాళ్ళయితే ముందు టిప్పు కిందున్న స్టీలుని మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి మీద కాస్త లోపలికి అరగదీసి, ఆ తర్వాత ఒక్క టిప్పునే డైమండ్‌కి ఆనిస్తారు. నేను టూల్ రూములో (ఫ్యాక్టరీలో టూల్స్ తయారుచేసే విభాగంలో) పనిచేసిన రోజుల్లో కొత్త కుర్రాళ్ళు దాదాపు అందరూ ఈ పొరపాటు చేసేవాళ్ళు. చేతిలో చక్రం పెట్టేముందు ఈ ఒక్క ముక్కా చెప్పాల్సింది పెద్దవాళ్ళు. ఇది మీ పిల్లాడి అజాగ్రత్త అని నేననుకోను.

ఆ చక్రాన్ని పారెయ్యొద్దని ముందు ఓనరు గారికి చెప్పండి. వజ్రపు గింజలు ఒక్క వరసే ఉండే ఎలక్ట్రోప్లేటెడ్ చక్రమైతే దిద్దడానికి ఏమీ మిగలదు. కానీ టూల్స్ సాన పట్టేవి ఎక్కువగా రెసిన్ బాండువి, అంటే గింజల్ని రెసిన్ జిగురుతో పట్టి ఉంచేవి, వాటిమీద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన వజ్రప్పొర ఉంటుంది. సన్నని తేడాలు కొలిచే డయల్ గేజి ఆనించి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఊగుడు చూడాలి. 0.02 మిల్లీమీటర్లు దాటితే బిగింపు సరిచెయ్యాలి, అప్పటికీ తగ్గకపోతే ట్రూయింగ్, అంటే చక్రం ముఖాన్ని సమంగా అరగదీయడం, చెయ్యాలి. చక్రం ముఖమంతా క్రేయాన్‌తో గీతలు పెట్టి మొదలెడితే ఎక్కడ తగిలిందో, ఎక్కడ ఇంకా తగల్లేదో కంటికే కనిపిస్తుంది. ఆ తర్వాత గింజల్ని బయటికి తెచ్చే రాతి కడ్డీ, తెల్లటి డ్రెస్సింగ్ స్టిక్ ఆనించాలి. మొదట్లో స్టిక్ అరగదు, జారిపోతుంది. రెసిన్ కొంచెం వెనక్కి తగ్గి గింజలు బయటపడ్డాక ఒక్కసారిగా స్టిక్ గబగబా అరగడం మొదలవుతుంది, చప్పుడు కూడా మారుతుంది. చక్రం ఆపి వేలితో తాకితే గరగరలాడుతుంది. ఆ మార్పుని మీవాడు తన చేత్తో తెలుసుకోవాలని నా కోరిక.

ఇక భవిష్యత్తు సంగతి. గ్రైండింగ్ మిషను మీటలు తిప్పడం ఆరు నెలల్లో వస్తుంది. ఏ లోహానికి ఏ చక్రమో ఎంచడమే అసలు విద్య, జీతం పెరిగేది దానివల్లే. చెరువు నీళ్ళ ఉప్పదనం చూడకుండా మీరు సీడ్ వదలరు కదా, ఇదీ అలాంటిదే. కార్బైడ్, సిరామిక్, గాజు అయితే డైమండ్. గట్టిపరిచిన స్టీలు, హైస్పీడ్ స్టీలు అయితే సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్). 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్త రాబర్ట్ వెంటార్ఫ్ తయారుచేసిన పదార్థం అది. గట్టిదనంలో వజ్రం తర్వాత దాన్నే చెబుతారు, ఇనుముతో దానికి ఆ పేచీ లేదు. గట్టిపరచని మెత్తటి స్టీలుకి ఈ రెండూ దండగే, మామూలు రాయి చాలు.

చక్రం మీద రాసిన అక్షరాలు చదవడం కూడా నేర్చుకోమనండి. కాన్సంట్రేషన్ 100 అని ఉంటే నూటికి నూరూ వజ్రమే అనుకుంటారు చాలామంది. ఘన సెంటీమీటరుకి 4.4 కేరట్లని దానర్థం, అంటే పొరలో నాలుగో వంతే వజ్రం. వేగం లెక్క కూడా చేయించండి: 150 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 2800 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకి 22 మీటర్లు. చక్రం మీద అచ్చేసిన గరిష్ఠ వేగాన్ని ఎన్నడూ దాటకూడదు.

మన డెల్టాలో రైసుమిల్లు షాఫ్టులు, ఏరేటర్లు, ఇంజను రిపేర్లతో లేత్ షాపులకి పనికి కొదవ లేదు. అయితే డైమండ్, సీబీఎన్ పని ఇక్కడ తక్కువ. ఈ పనిలో ఎదగాలంటే నాలుగైదేళ్ళు ఇల్లు వదిలి ఉండక తప్పదు, ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. రెండో ఏడాది పూర్తిచేయించి, టూల్ రూమో టూల్ గ్రైండింగ్ విభాగమో ఉన్న ఫ్యాక్టరీ చూసి అప్రెంటిస్‌గా పంపండి. ఇంకా చదువుతానంటే హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచీ నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. అక్కడ పదో తరగతి అర్హతతో టూల్, డై తయారీలో నాలుగేళ్ళ డిప్లొమా చెబుతారు. విజయవాడలోనూ వాళ్ళ కేంద్రం ఉంది.

వాళ్ళమ్మ గారి బెంగలో న్యాయముంది. కార్బైడ్ ధూళిలో కోబాల్టు ఉంటుంది, ఏళ్ళతరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) పారిస్తూ పట్టాలి, ధూళి లాగే ఫ్యాన్ ఉండాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి. కళ్ళద్దాలు, చక్రానికి గార్డు లేని షాపులో ఒక్కరోజు కూడా ఉంచకండి.

ఈ వారంలో అబ్బాయిని వెంటబెట్టుకుని మీరే షాపుకి వెళ్ళండి. ఓనరు గారి అనుమతి అడిగి, ఆయన పక్కనుండగానే ఆ చక్రాన్ని మీవాడిచేతే దిద్దించండి. తర్వాత ఒక టిప్పు పట్టి చూసి, మళ్ళీ కోసిందో లేదో వాణ్ణే నాకు రాయమనండి. ఇంటర్ మాట ఆ తర్వాత చూద్దాం.