మూడో నెలలో మానేసే అబ్బాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా వాడికి 23 ఏళ్లు. బీటెక్ మెకానికల్ అయి రెండేళ్లయింది. బొమ్మలు బాగా వేస్తాడు, లెక్కల్లో చిన్నప్పట్నుంచీ ఫస్టే. విశాఖలో గ్రూప్-2 కోచింగ్‌కి పంపితే మూడు నెలలకే వచ్చేశాడు. హైదరాబాద్‌లో జావా కూడా అంతే. ఏం కావాలో తనకే తెలియదంటాడు. ఎందులో చేర్పించమంటారు?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ప్రస్తుతానికి ఎందులోనూ వద్దండి. రెండుచోట్లా మూడో నెలలోనే ఎందుకు ఆగాడో ముందు చూడాలి. కోచింగ్ మొదట్లో అంతా పాఠాలే, హాయిగా సాగిపోతుంది. తర్వాత మాక్ టెస్టులు మొదలవుతాయి. ఎప్పుడూ ఫస్టొచ్చిన కుర్రాడు 150కి 55 చూసుకునేసరికి ‘ఇది నావల్ల కాదు’ అనుకుంటాడు. జావాలోనూ అంతే. సార్ చెబుతుంటే అర్థమైన ప్రోగ్రామ్, సొంతంగా రాయబోతే అన్నీ ఎర్రర్లే. దాన్ని ఆసక్తి లేకపోవడం అనుకుంటాం గానీ, తక్కువ మార్కులు చూసుకునే అలవాటు లేకపోవడమే చాలామందిలో అసలు సంగతి.

మీ వాడిదీ అదేనేమో తేల్చుకోవడానికి నాలుగు ఆదివారాలు చాలు. ఫోన్ పక్కగదిలో పెట్టి, గడియారం ఎదురుగా పెట్టుకుని, వారానికొకటి చేయమనండి. మొదటి వారం సీడ్ (డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష) పాత పేపరులో బొమ్మలు వేసే పార్ట్-బి, రెండు గంటలు. తర్వాత గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) మెకానికల్ పేపరు, 65 ప్రశ్నలు, మూడు గంటలు. మూడోవారం గ్రూప్-2 స్క్రీనింగ్, 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. చివరి వారం, ఇంట్లో నెలవారీ పాల లెక్క కట్టే జావా ప్రోగ్రామ్. మార్కులు మీరు అడగొద్దు. ఆ సాయంత్రం తప్పులు వెతుక్కుంటూ తనంతట తాను మళ్లీ కూర్చున్నది దేనికో గమనించండి.

సీడ్‌ని ముందు పెట్టడానికి కారణముంది. బొమ్మ వేయగల మెకానికల్ కుర్రాడికి ప్రొడక్ట్ డిజైన్ అతికినట్టు సరిపోతుంది. మనవైపు దాని పేరెత్తేవాళ్లే తక్కువ. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్షతో ఐఐటీ హైదరాబాద్, బెంగళూరు ఐఐఎస్సీ లాంటి చోట్ల ఎండెస్‌కి, అంటే డిజైన్‌లో పీజీకి వెళ్లొచ్చు. వయోపరిమితి లేదు. పరీక్ష జనవరిలో, దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో, అంటే పైడితల్లమ్మ సిరిమాను రోజుల్లోనే. ఐతే హీరో ఫొటో చూసి అచ్చు దింపేవాళ్లు ఇక్కడ తడబడతారు. కళ్లముందు లేని వస్తువును ఊహించి గీయాలి కదా. రోజూ పావుగంట, రబ్బరు ముట్టకుండా, ఒక వస్తువు గీయమనండి. కుక్కర్ మూతే తీసుకోండి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, గాస్కెట్, వెయిటు విడదీసి ఇంకొకటి. మూడోది మూత చూడకుండా వేయాలి.

మనసు గేట్ మీదికి పోతే మంచిదే, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సీడ్‌ది ఏడాదే. గ్రూప్-2కైతే వయసు దాటిపోతోందన్న కంగారు అక్కర్లేదు. 2023 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 42.

ఏది తేలినా, మొదటి మూడు మాక్‌ల మార్కులు ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదని ముందే మాటివ్వండి. చేతిఖర్చుకి సాయంత్రం పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకోనివ్వండి, గంటన్నర మించకుండా. మించితే అదే ఉద్యోగమైపోతుంది.

నాలుగింటిలో దేనికీ మళ్లీ కూర్చోలేదా? ఇక కోచింగ్ మాట ఎత్తకండి. కేంద్రప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించి, ఏడాది అప్రెంటిస్‌గా పంపండి, స్టైపెండు వస్తుంది. మీ ఊరి గ్రోత్ సెంటర్ ఫ్యాక్టరీల్లో కూడా ఓసారి అడిగి చూడండి.