తోటలో ఉన్న మొక్క కొండకు పనికొస్తుందా?

ప్రశ్న: పదేళ్ల కిందట నర్సరీ నుంచి తెచ్చి మా కాలేజీ బొటానికల్ గార్డెన్‌లో నాటిన సైకస్ (ఈతచెట్టులా కనిపించే మొక్క) ఏపుగా పెరిగింది. గింజలు పడుతున్నాయి గానీ ఒక్కటీ మొలవడం లేదు. శేషాచలం సైకస్‌ను కాపాడుతున్నామని బోర్డు కూడా పెట్టాం. లోపం ఎక్కడుంది?
– ఒక అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: ముందు అది ఏ సైకసో తేల్చుకోండి. నర్సరీల్లో దొరికేది చాలావరకు జపాన్ నుంచి వచ్చిన సైకస్ రెవల్యూటా. మన తిరుమల, కడప కొండలది సైకస్ బెడ్డోమి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉంది. అడవి నుంచి తేవడానికే కాదు, పెంచడానికీ అటవీ శాఖ లైసెన్సు కావాలి. మీది రెవల్యూటా అని తేలితే ఆ బోర్డు వెంటనే తీసేయండి. లేకపోతే పిల్లలు దాన్నే మన కొండ మొక్క అనుకుంటారు.

ఇక గింజల సంగతి. తాటిచెట్టులాగే సైకస్‌లోనూ పోతు వేరు, పెంటి వేరు. మొవ్వులో నిటారుగా కంకిలాంటిది లేస్తే పోతు. మొవ్వు చుట్టూ నూగు పట్టిన గోధుమరంగు రేకులు వచ్చి, వాటి అంచుల్లో గింజలు పడితే పెంటి. మీది పెంటి. పుప్పొడి అందకపోయినా గింజ పైకి నిండుగానే ఊరవచ్చు, లోపల పిండం మాత్రం ఉండదు.

ఒంటి మొక్కతో ఎంత చిక్కో దక్షిణాఫ్రికా చూపించింది. 1895లో న్గోయె అడవిలో ఎన్సెఫలార్టస్ వుడై అనే సైకస్ బంధువు ఒకే ఒక్క దుబ్బు దొరికింది. అది పోతు. పెంటి ఇప్పటికీ దొరకలేదు. డర్బన్ తోట, లండన్‌లోని క్యూ తోట దాని పిలకల్ని బతికించాయి కనుకే ఆ జాతి భూమ్మీద మిగిలింది. కానీ ఇవాళ ఉన్నవన్నీ ఆ ఒక్క దుబ్బు పిలకల సంతతే. తోట ఎంతవరకు కాపాడగలదో, ఎక్కడ ఆగిపోతుందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

లైసెన్సుతో బెడ్డోమి పెంచే తోటలో పోతులూ పెంటులూ రెండూ, అదీ వేర్వేరు తల్లుల పిల్లలు, ఉండాలి. పక్కన రెవల్యూటా ఉంటే దాని పుప్పొడి సోకి సంకరం గింజలు పడతాయి. వాటిని తిరిగి కొండకు పంపకూడదు. అందుకే పోతు కంకిని కాగితం మీద దులిపి పుప్పొడి తీసి, పెంటి మొక్క రేకులు వదులైన రోజుల్లో బ్రష్‌తో చల్లుతారు. గింజ రాలాక కూడా పిండం ఎదగడానికి నెలలు పడుతుంది. మొలవలేదని తొందరపడి పారేయొద్దు.

ప్రశ్న: మా ఊరి గుట్ట మీది చెట్ల గింజలు ఫ్రిజ్‌లో దాచవచ్చా?
– ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: తుమ్మ, రేల గింజలు దాచవచ్చు. నేరేడు, పనస, మామిడి గింజలు ఎండితే చచ్చిపోతాయి. వాటిని పండు తిన్న కొద్ది రోజుల్లోనే నాటాలి. ఇలాంటి జాతులకు విత్తన బ్యాంకు (గింజల్ని ఎండబెట్టి ఏళ్లపాటు దాచే చోటు) దారి మూసుకున్నట్టే కనుక, తోటలో నిలబడ్డ చెట్టే వాటికి ప్రధాన ఆధారం.

అటవీ భూమి అయితే అనుమతి తీసుకోండి. వీలైతే 50 చెట్ల నుంచి కొంచెం కొంచెం ఏరండి. పండిన గింజల్లో ఐదో వంతు దాటొద్దు. నీడలో ఆరబెట్టి, పలుచని గుడ్డలో కట్టి, గింజలంత బరువు సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు) కలిపి బిగువైన మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి. జెల్ రంగు మారినప్పుడల్లా కొత్తది వేయండి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని లెక్క. విత్తన బ్యాంకులు ఇలా ఎండిన గింజల్నే మైనస్ 20 డిగ్రీల్లో దాస్తాయి. పచ్చి గింజను ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీరు గడ్డకట్టి కణాలు చీలిపోతాయి.

ఏ చెట్టు, ఏ గుట్ట, ఏ తేదీ అన్నది పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయండి. పైన అంటించినది తడికి ఊడిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు సీసా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తెరవొద్దు, గాలిలోని తేమ గింజలకు పట్టేస్తుంది.